పరుషవాక్కు – కావ్యౌచిత్యము : భద్రాద్రి సీమ సాక్ష్యము

ఆధునికాంధ్ర కవిత్వమున మోటుమాటకు స్థానము కలదా, కలదేని ఎంతవరకు అను ప్రశ్న 1965లో దిగంబర కవుల తొలి సంపుటము వెలువడిన నాటి నుండి మన విమర్శలో నలుగుచున్నది. వాదించిన ఇరుపక్షములవారును తరచుగా ఒక్క విషయమున ఏకీభవించిరి. మోటుతనము మాటలోనే ఉన్నదని ఇరువురును నమ్మిరి. కాదనువారు ఆ మాట కావ్యమునకు మైల యనిరి. ఔననువారు ఆ మాటయే సత్యమునకు ముద్ర యనిరి. మాట ఎవరి నోట, ఎవరి నుద్దేశించి, ఏ సంబంధమును ఆధారము చేసికొని వెలువడినది అను విచారము మాత్రము రెండు వైపులను చాలినంతగా జరుగలేదు. ఈ వ్యాసమున ఆ విచారమే ప్రధానము.

ఇందులకు ఖమ్మము, భద్రాచలముల అడవి అంచున గల సీమను సాక్ష్యముగా గైకొనుచున్నాను. కారణములు రెండు. మొదటిది: దైవమును నిందించిన కవులును, రాజును నిందించిన కవులును ఈ సీమతో సంబంధము గలవారు. రెండవది: మైదానపు తెలుగును అడవి భాషలును ఒకదాని నొకటి ఒరసికొను చోటు ఇది. ఏది నాగరికము, ఏది మోటు అను తీర్పు ఎట్లు పుట్టునో ఇచ్చట కన్నులకు గట్టినట్లు కనిపించును.

1. పరిభాషా విచారము

‘మోటు’ అను ఒక్క పేరు క్రింద మనము మూడు వేరు వేరు వస్తువులను కలిపి చెప్పుచున్నాము. అవి గ్రామ్యము, అశ్లీలము, పరుషము.

గ్రామ్యము భాషాభేదమునకు సంబంధించినది. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి తెలుగు పదములను తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములని నాలుగు తెగలుగా విభజించి, లక్షణమునకు లొంగని దానిని నాలుగవ తెగలో చేర్చెను. ఇట గ్రామ్యమనగా వ్యాకర్త గీచిన గీతకు వెలుపలిది యని మాత్రమే అర్థము. అశ్లీలము భావస్ఫురణకు సంబంధించినది. కావ్యప్రకాశమున మమ్మటుడు దీనిని వ్రీడ, జుగుప్స, అమంగళము అను మూటిని స్ఫురింపజేయు పదముగా వివరించెను. పరుషము వక్తకును శ్రోతకును గల సంబంధమున పుట్టునది. తిట్టు, నిలదీత, మర్యాదావాచకమును తొలగించుట మున్నగునవి ఈ కోవకు చేరును.

ఈ మూడును ఒకటి కావు. పొలములో పనిచేయు స్త్రీ తన గంజిని గూర్చి పలికిన మాట గ్రామ్యము కావచ్చును. అందు అశ్లీలము లేదు, పారుష్యము లేదు. శుద్ధసంస్కృత సమాసము అశ్లీలము కావచ్చును. అందు గ్రామ్యత లేదు. ‘ఒరే’ అను పిలుపు తండ్రి నోట లాలనము. అధికారి నోట అవమానము. పదము మారలేదు, సంబంధము మారినది. మన విమర్శకులు గ్రామ్యమును చూచి అశ్లీలమని భయపడిన సందర్భములును, పారుష్యమును చూచి గ్రామ్యమని త్రోసిపుచ్చిన సందర్భములును పెక్కు కలవు.

ఆలంకారికులు ఈ విషయమున మనకన్న ఉదారులు. శ్రుతికటుత్వము దోషమే యైనను రౌద్రమున గుణమగుననిరి. అధమపాత్రల సంభాషణమున గ్రామ్యము గుణమే యని మమ్మటు డంగీకరించెను. రసభంగమునకు అనౌచిత్యము కన్న వేరు కారణము లేదని తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు నిర్ణయించెను. కావున శాస్త్రదృష్టిలో పదమునకు పుట్టుకతో వచ్చిన పాపము లేదు. అయినను శాస్త్రము ఒకచోట ఆగిపోయినది. అధమపాత్ర నోట ఏ మాట ఉచితమో అది చెప్పినది. ఆ పాత్రయే ఘంటము చేత బట్టి కవియైనచో ఏమగునో అది అడుగలేదు. ఆధునికయుగము అడిగినది ఆ ప్రశ్ననే.

2. అడవి అంచున భాష

ఖమ్మము జిల్లా 1953లో వరంగల్లు జిల్లా నుండి ఏర్పడెను. గోదావరి ఆవలి గట్టున గల భద్రాచల ప్రాంతము అంతకుముందు మద్రాసు ఏలుబడిలో తూర్పుగోదావరి జిల్లాకు చెందియుండి, 1959లో ఖమ్మమున కలిసెను. 2014లో కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా యయ్యెను. ఇన్ని విధముల మారిన సరిహద్దుల నడుమ కోయలును కొండరెడ్లును నివసించుచున్నారు.

కోయభాష గోండికి దగ్గరి చుట్టము. ద్రావిడ భాషాకుటుంబమున తనకంటూ స్థానము గలది. అయినను మైదానపువారు దానిని చెడిపోయిన తెలుగుగా తలచుట చిరకాలముగా గలదు. అంతకన్న గమనింపదగినది మరియొకటి. ‘కోయ’ అను జాతినామమే మైదానపు వాడుకలో తెలివిలేని వాని నెత్తిపొడుచు మాటగా మారినది. ఆ జాతివారు తమ్ము తాము ‘కోయితోర్’ అని చెప్పుకొందురు. ఒక జనసమూహపు పేరే తిట్టైనపుడు, మోటుతనము ఆ పేరులో ఉన్నదా, దానిని తిట్టుగా వాడిన నోటిలో ఉన్నదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక మోటుమాటను గూర్చి తీర్పు చెప్పుట సాధ్యము కాదు.

తెలుగున పారుష్యము బూతుపదముల కన్న ముందుగా వ్యాకరణముననే కాపురమున్నది. నీవు–మీరు, వాడు–అతడు–ఆయన, అది–ఆమె అను భేదములు సంఘపు మెట్లను ప్రతివాక్యమునను పలుకుచుండును. ఒకని పేరునకు ‘గారు’ చేరును. మరియొకని పేరునకు ‘గాడు’ చేరును. నిజాము రాజ్యమున దొర యెదుట రైతు తన్ను తాను బాంచెనని చెప్పుకొని కాలుమ్రొక్కవలసి వచ్చెడిది. దొర మాత్రము వానిని ఏకవచనమున పిలిచెడివాడు. ఈ దినచర్యలో ఒక్క బూతుమాటయు లేకపోవచ్చును. అయినను ఇంతకు మించిన పారుష్యము వేరొకటి లేదు. శిష్టభాష దీనిని దోషముగా ఎన్నడును లెక్కింపలేదు. అదే ఏకవచనము క్రిందినుండి పైకి పోయినపుడు మాత్రము మర్యాద మంటగలిసిన దనిరి.

3. నిందాస్తుతి

పైకి పోయిన ఏకవచనమునకు ఈ సీమలో ప్రాచీనమైన నిదర్శనము కంచర్ల గోపన్న. నేలకొండపల్లి వాడు, పాల్వంచ పరగణాకు తహసీలుదారు, గోలకొండ తానాషా (1672–1687) కాలమున సర్కారు పైకముతో భద్రాచల దేవాలయమును కట్టించి కారాగారము పాలైనవాడు. చెరలో రామదాసు రచించినవని ప్రసిద్ధి గాంచిన కీర్తనలలో ఒకటి మన విచారమునకు మిక్కిలి ముఖ్యము. సీతమ్మకును తమ్ములకును చేయించిన నగల పేర్లను, ఒక్కొక్కదానికైన మొహరీల లెక్కను అందు ఏకరువు పెట్టి, ఈ సొమ్ము ఎవరిదని కులుకుచున్నావని కవి రాముని నిలదీసెను. తండ్రిని, మామను కూడ మాటలోనికి లాగెను. ఆ వెంటనే, దెబ్బల బాధ కోర్వలేక తిట్టితినని చెప్పి మన్నింపు కోరెను.

ఈ కీర్తనలో పారుష్యమునకు ఔచిత్యము కల్పించిన అంశములు మూడు కనబడుచున్నవి. మొదటిది దిశ. బందీ రక్షకుని అడుగుచున్నాడు. ఉత్తరము చెప్పవలసినవాడు పైన నున్నాడు. రెండవది సంబంధము. పరాయివానిని ఇట్లు తిట్టుట పొసగదు. నమ్మి సర్వస్వము నర్పించినవాని కే ఈ తిట్టుటకు అధికారము. నగల లెక్క ఆ అధికారమునకు దస్తావేజు. మూడవది మూల్యము. తిట్టిన వాడు అప్పటికే దెబ్బలు తినుచున్నాడు. తిట్టుటచే అతనికి కలిగిన లాభము లేదు. మన్నింపు కోరుట ఆ నిందను వెనుకకు తీసికొనుట కాదు. అడిగిన లెక్క అట్లే ఉండగా సంబంధము తెగకుండునట్లు చేసిన ముడి అది.

పదునెనిమిదవ శతాబ్దమున భల్లా పేరకవి భద్రగిరి శతకమున ఇదే త్రోవ తొక్కెను. ధంసా దండయాత్రకు వెఱచి భద్రాద్రి విగ్రహములను పోలవరమునకు తరలించిన సందర్భము ఈ శతకమునకు మూలమని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. శత్రువునకు జడిసి ఇల్లు విడిచిన వీరునిగా రాముని ఎత్తిపొడుచుట ఇందలి ప్రధానమైన స్వరము. సింహాచలమున గోగులపాటి కూర్మనాథకవి నరసింహస్వామిని ఇట్లే అధిక్షేపించెను. ఈ శతకములను భక్తిసాహిత్యమని మనము నిస్సంకోచముగా పాఠ్యగ్రంథములలో చేర్చుచున్నాము. వీనిలోని పారుష్యము మనకు మోటుగా తోచదు. దైవమును తిట్టిన మాట చెవికి ఇంపై, జమీందారును తిట్టిన మాట మాత్రము చెవికి గుచ్చుకొన్నచో, దోషము మాటలో ఉన్నదని చెప్పుట ఎట్లు?

దీనికి ఎదురు నిదర్శనము కూచిమంచి జగ్గకవి చంద్రరేఖావిలాపము. ఆశించిన ప్రతిఫలము దక్కలేదను కినుకతో ఒక వేశ్యను, ఆమెను పోషించిన ప్రభువును వర్ణించిన తిట్టుకావ్యమిది యని ప్రసిద్ధి. ప్రబంధవర్ణనలను తలక్రిందులు చేసి నవ్వించుటలో జగ్గకవి నేర్పు కాదనరానిది. కాని ఆ నేర్పంతయు ప్రధానముగా ఒక స్త్రీదేహముపై ప్రయోగింపబడినది. ప్రభువు అడ్డము పడినను, వాత పడినది ఆమెకే. రామదాసు కీర్తనకును దీనికిని గల భేదము పదసంపదలో లేదు, దిశలో ఉన్నది.

4. రాజునకు ఏకవచనము

తెలంగాణ రైతాంగ పోరాటము నాటికి నింద దేవుని విడిచి నిజామును చేరెను. బండి యాదగిరి పాటలో నిజాము సర్కారును ‘-ఓడా’ అను సంబోధనతో పిలుచుట ఎల్లరకును తెలిసినదే. ఆ పాటలో గ్రామ్యము కలదు, పారుష్యము కలదు, అశ్లీలము లేదు. బాంచెనని నేర్పిన నోరు ‘ఓడా’ యని పిలిచిన క్షణమున ఒక వ్యాకరణము కూలినది. అక్షరమాత్రమైన ఆ ప్రత్యయము మోసిన బరువును పుటలకొలది వర్ణన మోయలేదు.

దాశరథి కృష్ణమాచార్య మార్గము వేరు. ఆయన చిన్నగూడూరున 1925లో జన్మించి, ఖమ్మమున ఉన్నత పాఠశాలలో చదివెను. నిజామాబాదు కారాగారమున వట్టికోట ఆళ్వారుస్వామితో కలిసి యుండగా గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిన ఉదంతము సుప్రసిద్ధము. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికే అంకితము చేసెను. ఆయన పద్యము నిజామును పిశాచముగా సంబోధించినది. ఛందస్సు నిర్దుష్టము, పదము శిష్టసమ్మతము, గ్రామ్యము మచ్చునకైనను వెదుకనక్కరలేదు. అయినను తెలంగాణమున అప్పటికి వెలువడిన పద్యములలో ఇంతటి పరుషవాక్కు అరుదు.

యాదగిరిని, దాశరథిని ప్రక్కప్రక్కన నిలిపి చూచిన గ్రామ్యమునకు పారుష్యముతో అవినాభావ సంబంధము లేదని స్పష్టమగును. ఒకడు ప్రత్యయముచే తిట్టెను. ఒకడు వృత్తముచే తిట్టెను. ఇరువురిలోను దిశ ఒక్కటే, మూల్యమును ఒక్కటే. కావున పరుషకవిత్వమునకు వీథిభాష తప్పనిసరి యను వాదమును, శిష్టభాషలో ఆగ్రహము పలుకదను వాదమును రెండింటిని మనము విడువవలసియున్నది.

5. దిగంబర కవులు

నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అను ఆరుగురు తమ సంపుటములను 1965, 1966, 1968లలో వరుసగా హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో వెలువరించిరి. తొలి సంపుటమును అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికునిచే ఆవిష్కరింపజేసిరి. తమ కవితలకు ‘దిక్కు’లని పేరిడిరి. 1939లో పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’లో వ్యాకరణ ఛందస్సులను పరిహసించి సదభిరుచికి సవాలు విసిరియుండెను. కాని ఆ సవాలు చిలిపిది. దిగంబరుల సవాలు క్రుద్ధమైనది.

వారు సాధించినది తక్కువ కాదు. స్వాతంత్ర్యము వచ్చిన రెండు దశాబ్దముల పిదప గూడ అభినందనపద్యములను, అలసిన భావగీతములను వల్లించుచున్న సభామర్యాదను వారు భగ్నము చేసిరి. జుగుప్స తెలుగున హాస్యమునకో వైరాగ్యమునకో సేవచేయు ఉపరసముగా నుండెడిది. దానిని నేరుగా రాజకీయానుభూతిగా మార్చిన ఘనత వారిదే.

లోపములు రెండు. మొదటిది: పెక్కుచోట్ల వారి నిందకు శ్రోత లేడు. సంఘము, నాగరికత, లోకము అను నిరాకార వస్తువులపై తిట్ల వర్షము కురిసినపుడు ఉత్తరము చెప్పవలసినవాడు ఎవ్వడును తడియడు. రామదాసు నగల లెక్క వంటి దస్తావేజు ఆ కవితలలో లేదు. లెక్క లేని నిందకు సమాధానము చెప్పవలసిన పని ఎవరికిని ఉండదు. కొంతకాలమునకు శ్రోత తిట్టునకు అలవాటుపడును. కవి స్వరము మరింత హెచ్చింపవలసి వచ్చును. ఆ ఉద్యమము మూడు సంపుటములతో ముగియుటకు రాజకీయ కారణములుండవచ్చును. నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు 1970లో విప్లవ రచయితల సంఘమున చేరిరి. కాని అందులకు ఈ కావ్యకారణమును కలదని నా అభిప్రాయము. విప్లవకవిత్వము వారి నిందకు ఒక నిశ్చితమైన శ్రోతను చూపినది.

రెండవ లోపము గాఢమైనది. సంఘపు పతనమును చెప్పవలసి వచ్చినపుడెల్ల స్త్రీదేహమును, విశేషించి అమ్ముడుపోయిన స్త్రీదేహమును ఉపమానముగా వాడుట. చెరబండరాజు ‘వందేమాతరం’ ఇందులకు జటిలమైన ఉదాహరణము. దేశమాత దేహమే విపణివస్తువైనట్లు అందు చిత్రింపబడినది. ఒక దృష్టితో చూచిన ఇది శుద్ధమైన నిందాస్తుతి. బిడ్డ తల్లిని అడుగుచున్నాడు. ప్రేమ లేక ఆ నింద పుట్టదు. సంబంధము, దిశ రెండును నిలిచినవి. భద్రాద్రి శతకమునకు ఇది ఆధునిక వారసత్వమనినను తప్పు లేదు. మరియొక దృష్టితో చూచిన, పైకి విసరిన రాయి దారిలో క్రిందనున్న ఒకామెను తాకినది. దేహము అమ్ముకొనవలసి వచ్చిన స్త్రీ ఆ దేశపు దుర్గతికి బాధితురాలు. ఆమెయే దుర్గతికి చిహ్నమైనది. ఈ కవితను బోధించు అధ్యాపకుడు ఈ రెండు దృష్టులను విద్యార్థి ముందుంచవలయును. ఒకదానిని దాచి రెండవదానిని చెప్పుట విమర్శ కాదు.

6. అధమపాత్ర కవియైన వేళ

1980 తరువాత వచ్చిన స్త్రీవాద, దళితవాద కవిత్వములు ఈ చర్చను మలుపు త్రిప్పెను. కొండేపూడి నిర్మల ప్రసవవేదనను వస్తువుగా గ్రహించినపుడును, 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనము వెలువడినపుడును ఈ కవయిత్రుల భాషను నీలిభాష యని ఆక్షేపించినవారు కలరు. గమనింపుడు: ప్రబంధములలో అవే అవయవములు శతాబ్దములుగా వర్ణితములు. అప్పుడది శృంగారము. ఆ దేహము గలామె తానుగా తన నొప్పిని చెప్పిన అది అశ్లీలము. ఈ తీర్పు క్రొత్తది కాదు. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను వీరేశలింగము గర్హించెను. దానిని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ యథాతథముగా ప్రకటింపగా ప్రభుత్వము 1911లో నిషేధించెను. ఆ నిషేధము తొలగుటకు 1947 వరకు వేచియుండవలసి వచ్చెను. పురుషకవుల ప్రబంధములపై విమర్శ రాకపోలేదు. కాని ఒక స్త్రీ వ్రాసి, మరియొక స్త్రీ ప్రకటించిన గ్రంథమునకు పట్టిన గతిలోని తీవ్రత ప్రత్యేకమైనది.

1995లో వెలువడిన ‘చిక్కనవుతున్న పాట’ యు, మద్దూరి నగేష్‌బాబు, పైడి తెరేష్‌బాబు మున్నగువారి సంపుటములును పరుషవాక్కునకు మరియొక ప్రయోజనమును చూపెను. ఊరు వాడను పిలుచుటకు వాడిన తిట్లను ఆ కవులు తామే ఎత్తుకొని ఊరిముందు తిరుగ బెట్టిరి. ఇట మోటుమాట కవి కల్పించినది కాదు. అతనికి పుట్టుకతో అంటగట్టబడినది. దానిని ఉచ్చరించుట నింద కాదు, సాక్ష్యము. న్యాయస్థానమున సాక్షి తాను విన్న తిట్టును మెత్తబరచి చెప్పిన సాక్ష్యము చెడును. కావ్యమునను అంతే.

అయితే ఇందును ఔచిత్యవిచారము తప్పదు. బాధితుని నోటి మాటయైనంత మాత్రమున ప్రతి తిట్టును కవిత్వము కానేరదు. శత్రువును తిట్టుటకు అతని తల్లిని, చెల్లిని ముందునకు లాగిన కవిత ఏ వాదమునకు చెందినదైనను చంద్రరేఖావిలాపపు త్రోవనే పోవుచున్నది. రామదాసు తండ్రిని, మామను లాగినది రాజులనుగా, సొమ్ము గలవారినిగా. అబలలను కాదు. ఈ భేదము చిన్నది కాదు.

7. ఉపసంహారము

ఈ పరిశీలనము వలన తేలిన అంశములను సంగ్రహించెదను. గ్రామ్యము, అశ్లీలము, పరుషము అను మూటిని వేరుచేయక మోటుమాటను విచారింపరాదు. పరుషవాక్కు యొక్క ఔచిత్యమును నిర్ణయించునవి దిశ, సంబంధము, మూల్యము. పైనున్నవానిని లెక్క అడుగు మాట ఎంత కఠినమైనను కావ్యము మోయగలదు. క్రిందనున్నవారిపై పడిన మాట ఎంత నూతనముగా తోచినను, సంఘము దినదినమును పలుకుచున్న పాత తిట్టునకు ప్రతిధ్వని మాత్రమే.

దీనివలన మన శాఖలకు కొన్ని విధులు ఏర్పడుచున్నవి. బిరుదురాజు రామరాజు పరిశోధనము ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడిన పిదప, పల్లెపాట విశ్వవిద్యాలయమున గౌరవస్థానము పొందినది. అయినను సేకరించిన పాటలో గ్రామ్యమును దిద్దుట, తిట్టు వచ్చిన చోట చుక్కలు పెట్టుట యను అలవాటు పూర్తిగా పోలేదు. చుక్కలు పెట్టిన చోట పాఠకుడు తన మనస్సులోని మాటను పూరించుకొనును. అది మూలమున లేని బూతు కావచ్చును. భద్రాద్రి అడవులలో పాట వ్రాసికొను పరిశోధక విద్యార్థి కోయమాటను తెలుగు వర్ణక్రమమునకు వంచక, విన్నది విన్నట్లు వ్రాసి, పిదప దాని నెవరు ఎవరితో అనుదురో వివరించవలయును. తరగతిలో అధ్యాపకుడు దిగంబరకవితను బోధింపవలసి వచ్చినపుడు, దానికి ముందు రామదాసు లెక్కల కీర్తనను బోధించిన మేలు. దేవుని యెదుట నిలిచి ఖర్చు అడిగిన జాతికి పరుషవాక్కు పరాయిది కాదని విద్యార్థి గ్రహించును. అడుగుటకును అరచుటకును గల భేదమును కూడ అతడు అచ్చటనే నేర్చుకొనును.